పోగు ఎక్కడ తెగింది? – మరమగ్గం నుంచి కరెంటు బండి దాకా



సోలాపూర్ తూర్పు భాగంలో తెలుగు వినిపించని గల్లీ అరుదు. సాఖర్ పేట, అశోక్ చౌక్, దత్త నగర్, నీలం నగర్ – ఎటు వెళ్ళినా ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, మధ్యలో మగ్గాల చప్పుడు. ఈ మధ్య కాలంలో ఆ గల్లీల్లోకి కరెంటు స్కూటరు కూడా వచ్చి చేరింది. గడప పక్కన బండి, కిటికీలోంచి దానికి వేలాడే చార్జింగ్ తీగ. ఆ బండి ఉన్నట్టుండి ఆగిపోతే కారణం ఎలా వెతకాలన్నది ఈనాటి ప్రసంగ విషయం. దాన్ని కొంచెం చరిత్రతో కలిపి చెప్పుకుందాం. బండిలోని ఒక్కో భాగం ఎలా పుట్టిందో తెలిస్తే, అది ఎలా మొరాయిస్తుందో కూడా తెలుస్తుంది.

ముందు మనవాళ్ళ సంగతి. అప్పటి నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ ఊరికి వలస వచ్చాయి. 1877లో ఇక్కడ తొలి బట్టల మిల్లు మొదలైంది. జనం దాన్ని జూనీ మిల్లు అన్నారు. మిల్లులో ఆవిరి ఇంజను, ఇంట్లో చేతిమగ్గం. 20వ శతాబ్దం రెండో సగంలో మరాఠీలో యంత్రమాగ్ అనే మరమగ్గాలు పెరిగాయి. కాళ్ళూ చేతులూ ఇచ్చిన శక్తిని మోటారు ఇవ్వసాగింది. పెద్ద మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినా, దుప్పట్లు, టవళ్ళు నేసే కార్ఖానాలు ఊరిని నిలబెట్టాయి. సోలాపూర్ చాదర్‌కు, టవల్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఈ మరమగ్గంలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. కార్ట్‌రైట్ 1785లో తన తొలి మరమగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ పోగు తెగినా మగ్గం తన దారిన తాను కొట్టుకుంటూ పోతే బట్ట పాడవుతుంది. అందుకే 1840ల తొలినాళ్ళలో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో కెన్‌వర్దీ, బుల్లో అనే ఇద్దరు, పేక తెగగానే మగ్గం దానంతట అదే ఆగిపోయే ఏర్పాటును చేర్చి లాంకషైర్ మగ్గాన్ని తీర్చిదిద్దారు. అక్కడ ఆగడం అంటే మగ్గం చెడిపోవడం కాదు, బట్టను కాపాడుకోవడం. మగ్గం ఆగితే మన కార్మికుడు మోటారు మార్చమని కేకలు వేయడు. నాడె చూస్తాడు, కండె చూస్తాడు, పడుగు మీద చెయ్యి నడిపి తెగిన పోగు పట్టుకుంటాడు. అప్పటికీ కుదరకపోతేనే జాబర్‌ను పిలుస్తాడు.

బండి విషయంలో మాత్రం ఈ ఓపిక మరిచిపోతున్నాం. బండి ఆగిందంటే చాలు, బ్యాటరీ పోయిందనుకుంటాం. బండి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. బీడీలు చుట్టే ఇంట్లో, మగ్గం మీద బతికే ఇంట్లో అంత సొమ్ము ఊరికే పోకూడదు. పైగా పని దూరమైంది. 2024 జనవరి 19న కుంభారీ దగ్గర రాయనగర్‌లో తొలి విడత 15,000 ఇళ్ళు కార్మికులకు అందాయి. ఊరి బయట ఇల్లు, ఊళ్ళో పని అయినప్పుడు బండి ఆగితే ఆ రోజు కూలి కూడా ఆగుతుంది.

కాబట్టి పడుగు మీద చెయ్యి నడిపినట్టే, శక్తి నడిచే దారి వెంట నడుద్దాం. చార్జరు నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి ఎంసీబీకి, అక్కణ్ణుంచి కంట్రోలరుకు, చివరికి చక్రంలోని మోటారుకు. ఆ దారి ఇంతే.

మొదటి మజిలీ బ్యాటరీ. సీసం పలకలను ఆమ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ చార్జి చేయగల బ్యాటరీని ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే 1859లో చేశాడు. 1881లో గుస్తావ్ త్రూవే పారిస్ వీధిలో బ్యాటరీతో మూడు చక్రాల బండి నడిపాడు. మన గల్లీల్లోని తక్కువ వేగం బండ్లలో చాలా వాటిలో ఉన్నది ఆ సీసం బ్యాటరీ వంశమే. 12 వోల్టులవి నాలుగు వరసగా కలిపితే 48 వోల్టులు. వరసగా కలిపారు గనుక నాలుగింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. ఒకటి నీరసిస్తే మిగతా మూడూ దాని వెంట కుంటుతాయి.

దీన్ని కనిపెట్టడానికి కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు చాలు. పూర్తిగా చార్జి చేసి, తీగ తీసేసి, రెండు మూడు గంటలు బండిని కదపకుండా ఉంచండి. తర్వాత నాలుగింటినీ విడివిడిగా కొలవండి. ఆరోగ్యంగా ఉన్నది 12.7 వోల్టుల దగ్గర చూపిస్తుంది. మూడు అలా ఉండి ఒకటి 12 కిందికి దిగితే దొంగ దొరికినట్టే. అన్నీ సమానంగా ఉన్నా అప్పుడే నిశ్చింత పడకూడదు. ఎవరైనా బండి నడుపుతుండగా కొలిచిన లెక్కే అసలు లెక్క. బరువు పడగానే 10.5 కన్నా కిందికి జారేది బలహీనమైనది. సెట్టు కొత్తదైతే అదే సామర్థ్యం ఉన్నది ఒక్కటి మార్చుకోవచ్చు. సెట్టు పాతదైతే కొత్తది కూడా పాతవాటితో పాటే త్వరగా అలసిపోతుంది.

రెండో మజిలీ తీగలు, జోడింపులు. జర్మనీ బడిపంతులు గియోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం మన తొమ్మిదో, పదో తరగతి పిల్లలకు తెలిసిందే. 1841లో జూల్ ఇంకో మాట చేర్చాడు: కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. లెక్క చూద్దాం. సమతల రోడ్డు మీద 250 వాట్ల మోటారు 48 వోల్టుల దగ్గర సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇద్దరు కూర్చుని ఎత్తు ఎక్కితే 15 ఆంపియర్లు కావచ్చు. ఒక జోడింపు వదులై అక్కడ 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. 5 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి రెండున్నర వాట్లు, తెలియనే తెలియదు. 15 దగ్గర ఇరవై రెండున్నర వాట్లు, ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. చదును నేల మీద బాగానే పోయి, ఎత్తు రాగానే చచ్చుబడే బండికి ఇదే కారణం కావచ్చు. తాళం తీసి, సీటు ఎత్తి, నల్లబడిన ప్లగ్గు, కరిగిన వాసన, పచ్చటి చిలుము కోసం చూడండి.

మూడో మజిలీ స్విచ్చులు. తాళం తిప్పినా దీపం కూడా వెలగకపోతే ముందు సీటు కింద ఎంసీబీ పడిపోయిందేమో చూడాలి. దాన్ని లేపగానే మళ్ళీ పడిపోతే బలవంతంగా పట్టి ఉంచకూడదు, ఎక్కడో తీగలు కలిశాయని అర్థం. దీపాలు వెలుగుతూ చక్రం తిరగకపోతే బ్రేకు పిడి చూడండి. బ్రేకు నొక్కగానే మోటారుకు శక్తి ఆపే చిన్న స్విచ్చు అందులో ఉంటుంది. దుమ్ముతో అది ఇరుక్కుంటే బ్రేకు పట్టినట్టే బండి అనుకుంటుంది. సైడు స్టాండు స్విచ్చుదీ ఇదే తంతు. బండి నడుస్తూ దీపాలు, హారను మాత్రమే పోతే, 48 వోల్టులను 12కు తగ్గించే కన్వర్టరును అనుమానించాలి.

చివరి మజిలీ మోటారు. వెనుక చక్రం మధ్యలోనే మోటారు పెట్టే ఆలోచనకు అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే పేటెంటు పొందాడు. నేటి మోటారులో అయస్కాంతం ఎటు ఉందో కంట్రోలరుకు చెప్పేవి మూడు చిన్న హాల్ సెన్సార్లు. ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న ధర్మం వాటికి ఆధారం. వాటిలో ఒకటి మూగబోతే చక్రం గింజుకుంటుంది, వణుకుతుంది, సాఫీగా తిరగదు. బండి ఆపేసి, స్టాండు వేసి, చక్రాన్ని చేత్తో తిప్పితే గట్టిగా పట్టి పట్టి తిరుగుతుందా? అయితే మోటారు తీగలు గానీ కంట్రోలరు గానీ లోపల కలిసిపోయి ఉండవచ్చు. ఇక్కడితో మన పని ఆగి జాబర్ పని మొదలవుతుంది.

ఇక లిథియం బ్యాటరీ. 1991లో సోనీ సంస్థ దీన్ని బజారుకు తెచ్చింది. దీని వెనుక ఉన్న గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో బీఎంఎస్ అనే కాపలా పలక ఉంటుంది. వేడి మించినా, వోల్టేజీ పడిపోయినా అది శక్తిని ఆపేస్తుంది. లాంకషైర్ మగ్గం పేక తెగగానే ఆగినట్టే ఇదీను. ఆ కాపలాను తప్పించి తీగ కలిపి బండి నడిపిస్తామనే మెకానిక్కు మాట వినకండి. లిథియం పెట్టెను ఇంట్లో విప్పకండి.

నేతపేటలో ఈ హెచ్చరికకు బరువు ఎక్కువ. 2025 మే 18న అక్కల్‌కోట రోడ్డు ఎంఐడీసీలో ఒక టవళ్ళ కార్ఖానా తగలబడి 8 మంది చనిపోయారు. ఆ ప్రమాదాన్ని బండి బ్యాటరీతో ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నూలుకు నిప్పు తగిలితే ఏమవుతుందో ఊరంతా చూసింది, అంతే. కనుక నూలు కండెలు, దూది ధూళి, చాదర్ల మూటలు ఉన్న గదిలో బండి చార్జి చేయకండి. అందరూ నిద్రపోయే వేళ, బయటికి పోయే ఒకే ఒక్క తలుపుకు అడ్డంగా చార్జింగు పెట్టకండి. ఎండన పడి వచ్చిన బండిని చల్లారనిచ్చి తర్వాతే తీగ తగిలించండి. బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా చార్జరు వైపు గోడ స్విచ్చు ఆపి దూరం జరగండి. సీటు కింద పని చేసేటప్పుడు చేతి కడియం, ఉంగరం తీసేయండి. 48 వోల్టుల షాకు పెద్దది కాకపోవచ్చు, కానీ రెండు కొసలను ఇనుము కలిపితే చర్మం కాలిపోతుంది.

శ్రోతలారా, మన తాతలు పోగును కంటితో కాక వేళ్ళతో వెతికేవారు. తండ్రులు మోటారు చప్పుడు విని మగ్గం బాధ చెప్పేవారు. వరసగా చూడటం, చూసిన తర్వాతే ఖర్చు పెట్టడం వాళ్ళు మనకు ఇచ్చిపోయిన ఆస్తి. బండి ఆగినప్పుడు ముందు ఆ ఆస్తి వాడండి, తర్వాత అంగడికి వెళ్ళండి. అంగట్లో కూడా బ్యాటరీ మార్చమని చెప్పే ముందు కొలిచి చూపించమని అడగండి. కొలత చూపించని వాడికి డబ్బు చెల్లించవలసిన పని లేదు.