మాండలిన్ రాని గురువులు

మాండలిన్ కొన్న సాఫ్ట్‌వేర్ జనాలకి మొట్టమొదట తగిలేది మైనర్ పెంటాటోనిక్ స్కేలు. ఐదే స్వరాలు, గుర్తుపెట్టుకోవడం తేలిక. మాండలిన్ తీగలు మంద్రం నుంచి జి, డి, ఎ, ఇ కదా. 'ఎ'ని షడ్జమం అనుకోండి. మొదటి రెండు తీగల మీద ఖాళీ తీగ, రెండో మెట్టు, ఐదో మెట్టు. తర్వాతి రెండిటి మీద ఖాళీ తీగ, మూడో మెట్టు, ఐదో మెట్టు. అంతే! పన్నెండు స్థానాలు, ఒక సాయంత్రం చాలు.

అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఈ ఐదు స్వరాలూ (స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం) మనకి కొత్తవేం కావు. మన దగ్గర శుద్ధ ధన్యాసి, హిందుస్తానీలో ధాని. ఉదయరవిచంద్రిక అని ఇంకో పేరుంది. రెండూ ఒకటే రాగమా, వేర్వేరా అన్నది పండితుల పాత తగాదా, అందులో మనం వేలు పెట్టొద్దు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన అన్నమయ్య 'భావములోన' విన్నారుగా, అది శుద్ధ ధన్యాసి. ఇప్పుడు పై పన్నెండు స్థానాల్నీ వరసగా మీటి చూడండి. స్వరాలన్నీ కరెక్టే, రాగం మాత్రం పలకదు. గొంతులో గాంధారం ఊగుతుంది. మాండలిన్ మీద అది మూడో మెట్టు దగ్గర టక్కున ఆగిపోతుంది.

వయొలిన్‌కీ ఇవే నాలుగు తీగలు, ఇదే శ్రుతి. కానీ దానికి మెట్లుండవు, కమాను లాగినంతసేపూ నాదం ఉంటుంది. అందుకే రెండు శతాబ్దాల క్రితమే మన కచేరీల్లో కలిసిపోయింది. ఇటలీలో పుట్టిన మాండలిన్‌కి మెట్లు, పైగా జంట తీగలు, మీటగానే ఆరిపోయే నాదం. మన సంగీతానికి దీనికంటే పనికిరాని వాయిద్యం లేదని ఎవరైనా అంటే 1978కి ముందు ఒప్పుకోవాల్సిందే.

ఆ ఏడాది గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొమ్మిదేళ్ళ ఉప్పలపు శ్రీనివాస్ తొలి కచేరీ చేశాడు. పుట్టింది పాలకొల్లులో, 1969లో. నాన్న సత్యనారాయణ గారి మాండలిన్‌ని చిన్నతనంలోనే పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. తమాషా ఏమిటంటే, ఆయనకి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో గురువు చూపించలేరు కాబట్టి వాయిద్యానికి ఏది వీలో దాంతో సరిపెట్టుకునే అవకాశం అతనికి లేదు. గొంతులో ఉన్నది రావాలి, అంతే. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నాడు, ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారాడు, తర్వాత ఐదో తీగా చేర్చాడు. నాదం నిలబడితే వేలు జార్చి గమకం పలికించొచ్చు. మొదట్లో పెదవి విరిచినవాళ్ళు లేకపోలేదు. 1983 కల్లా బెర్లిన్ జాజ్ ఉత్సవం దాకా వెళ్ళాడు.

ఇదొక్క శ్రీనివాస్ కథే అనుకుంటే, అమెరికాలో బ్లూగ్రాస్ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో (1911-1996) ఉన్నాడు. కెంటకీ పల్లెటూరివాడు. ఆయన మాండలిన్‌లో సగం మేనమామ పెన్ వాండివర్ ఫిడేలు, మిగతా సగం ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గిటారిస్టు బ్లూస్. బ్లూస్‌కి ఆయువుపట్టు మన మైనర్ పెంటాటోనిక్కే. అక్కడా మూడో స్వరం ఒకచోట నిలవదు, మైనర్‌కీ మేజర్‌కీ మధ్య ఊగుతుంది. ఇద్దరు మహా మాండలిన్ విద్వాంసులకీ ముఖ్యమైన పాఠాలు మాండలిన్ వాళ్ళ నుంచి రాలేదు, చూడండి.

ధర్మసాగర్‌లో ఇంటినుంచి పనిచేసుకుంటూ సాయంత్రాలు మాండలిన్ పట్టుకునే నాలాంటివాడికి దొరికేవి యూట్యూబ్ పాఠాలు. వాటిలో తెర మీద చుక్కలుంటాయి, ఏ వేలు ఎక్కడో నిమిషంలో తెలిసిపోతుంది. సుబ్బరాజు గారి పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. అందుకే నెల్రోజులుగా చుక్కలు కట్టేసి, 'భావములోన' పల్లవి ఒక్కటే ముందు గొంతుతో పాడి, తర్వాత తీగ మీద వెతుకుతున్నా. గాంధారం కోసం రెండో మెట్టు నుంచి మూడో దానికి, అక్కడ్నుంచి ఐదో దాని వైపు వేలు జారుస్తుంటే జంట తీగలు గరగరమంటున్నాయి. ఇవాళ వాటిలో ఒక్కో తీగ ఊడదీశాను.