చాపకూడు: దానమా, హక్కా?

పల్నాడు అనగానే పౌరుషం గుర్తుచేస్తారు. ఆ వెంటనే బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెబుతారు. కులభేదం లేకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన నేల ఇది అంటారు. అంత గొప్ప వారసత్వం పన్నెండో శతాబ్దంలోనే వుంటే, ఇరవయ్యో శతాబ్దంలో దళితుడు బావి దగ్గరికి పోవడానికి చట్టం ఎందుకు కావాల్సి వచ్చింది? మొదటి తరం చదువుతో యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటివాళ్లం పల్నాటి చరిత్రను ఈ ప్రశ్నతోనే చదవాల్సి వుంది.

కథ అందరికీ తెలిసిందే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెం, వనవాసం, చివరికి కారంపూడిలో యుద్ధం. ఇందులో మాల కన్నమదాసు వున్నాడు. బ్రహ్మనాయుడు అతన్ని కొడుకుగా స్వీకరించి సేనానిని చేశాడని కథ చెబుతుంది. ఇది చిన్న విషయమేం కాదు. అయితే ఇచ్చేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు అని కూడా చూడాలి. నాయుడు దయతలిస్తే చాప మీద చోటు, కొడుకు అయితే పక్కన చోటు. కన్నమదాసు వాడలో మిగిలిన మాలలకు భూమి దక్కిందా, నీళ్లు దక్కాయా అన్నది ఈ కథకు పట్టలేదు.

కథను ఎవరు కాపాడారు అన్నది రెండో ప్రశ్న. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడి పేరు మీద వున్న ద్విపద కావ్యంలో మనకు మిగిలింది ముఖ్యంగా బాలచంద్రుడి భాగమే. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించారు. చదువుకున్నవాళ్లకు అదే ‘పల్నాటి వీరచరిత్ర’ అయి కూర్చుంది. 1947లో, 1966లో సినిమాలు కూడా వచ్చాయి. కానీ కథను తరతరాలుగా గొంతులో మోసింది వీరవిద్యావంతులు. వాళ్లలో మాలలు వున్నారు. వాళ్లు పాడే కథ మీద జీన్ రోఘైర్ అనే పరిశోధకుడి పుస్తకం 1982లో ఇంగ్లీషులో వచ్చింది. అక్షరం దక్కినవాడు కవి అయ్యాడు. గొంతు మాత్రమే వున్నవాడు ‘జానపదుడు’గా మిగిలాడు.

నాగులేటి ఒడ్డున కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు. దాన్ని మేం తక్కువ చేయడం లేదు. ఏడాదిలో ఒక్క పూటైనా పక్కపక్కన కూర్చోవడం మంచిదే. మిగతా రోజుల సంగతేమిటన్నదే మా ప్రశ్న.

దానికి జవాబు చట్టాల చరిత్రలో వుంది. ఈ ప్రాంతం మద్రాసు పాలనలో వుండగా 1938లో పౌర అనర్హతల తొలగింపు చట్టం, 1947లో దేవాలయ ప్రవేశ చట్టం వచ్చాయి. ఆ మధ్యలో, 1941లో, వినుకొండలో పుట్టిన జాషువా ‘గబ్బిలం’ రాశారు. గుడి తలుపులు మూసుకుపోయినవాడు తన మొరను గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి పంపుకోవాల్సి వచ్చింది. చాపకూడు నేలలో పుట్టిన కవి మాట ఇది! తర్వాత రాజ్యాంగం 17వ అధికరణం, 1955 చట్టం వచ్చాయి. అయినా 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాక కూడా, 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోనే, చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది.

సంస్కృతిని నెత్తిన పెట్టుకుని మనుషుల్ని పక్కన పెట్టడం ఇక్కడే కాదు, వేరే చోట్లా వుంది. చైనాలో టిబెట్ 1965 నుంచి పేరుకు స్వయంపాలక ప్రాంతం. అక్కడి గాయకులు పాడే గెసార్ వీరగాథను చైనా తరఫున 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. కానీ ఆ ప్రాంతంలో అసలు అధికారం పార్టీ కార్యదర్శిది. ఆ కుర్చీలో ఒక్క టిబెటన్ కూడా కూర్చోలేదు. పాటకు గౌరవం దక్కింది, పాడేవాళ్లకు అధికారం దక్కలేదు.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా పేరులోనే వారసత్వం వుంది. ఆ వారసత్వం ఎవరి చేతుల్లో వుండాలి? విద్యావంతుల కథ వాళ్ల పేర్లతో పాఠ్యపుస్తకాల్లోకి రావాలి. వీరుల గుడి వ్యవహారాల్లో ఆ కులాలకు చేతులు కట్టుకుని నిలబడే చోటు కాదు, నిర్ణయం చేసే చోటు కావాలి. మాచర్ల, గురజాల, నరసరావుపేటల్లో చదివే పిల్లలు ముందు తమ వాడల్లోని పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఈ కథను రాసుకోవాలి. పక్కనే నీళ్లు, భూమి, శ్మశానం ఎవరెవరికి ఎప్పుడు దక్కాయో కూడా రాసుకోవాలి. ఈ రెండూ ఒకే పుస్తకంలోకి వచ్చిననాడే అది పల్నాటి చరిత్ర అవుతుంది. నాయుడు పెట్టిన కూడుకు కృతజ్ఞత చెప్పడం కన్నమదాసు వారసుల పని కాదు. ఆ చాప మీద చోటు తమదని చెప్పడం వాళ్ల పని.