సిప్రో గోలీ తారీఖ్

మూత్రంలో మంట అంటే మా రొద్దంలో ముందు బార్లీ నీళ్లు, తగ్గకపోతే మెడికల్ షాపులో నాలుగు సిప్రో గోలీలు. రెండు వేసుకోగానే మంట తగ్గుతుంది. మిగిలిన రెండు డబ్బాలో దాచి, ఇంకొకరికి అదే తక్లీఫ్ వస్తే ఇస్తాం. ఇంత అలవాటైన ఈ దవా తారీఖ్ మన ఇళ్లలో తెలియాలి.

దీని ఖాందాన్ మలేరియా మందు దగ్గర మొదలైంది. క్లోరోక్విన్ తయారీలో పక్కన మిగిలిన ఒక పదార్థం నుంచి 1962లో అమెరికాలో జార్జ్ లెషర్ బృందం నాలిడిక్సిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అది మూత్రనాళ బీమారీలకు పనికొచ్చింది. అదే ఖాందాన్‌లో పుట్టిన సిప్రోఫ్లాక్సాసిన్‌కు 1987లో అమెరికాలో ఇజాజత్ దొరికింది.

తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనూ అది పెద్దఎత్తున తయారైంది. గోలీ గరీబులకూ అందింది, అది మేలే. కానీ 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు దగ్గర నమూనాలు చూశారు. శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉంది. అలాంటి నీటిలో ఆ మందుకు చావని జరాసీమ్‌లే మిగులుతాయి, పెరుగుతాయి. తమ తాకత్‌ను పక్క క్రిములకూ పంచుతాయి.

పటాన్‌చెరు నీళ్లు మన పెన్నకు రావు. కానీ మన మరీజులు హిందూపురం, అనంతపురం, బెంగళూరు దవాఖానాలకు పోయి వస్తుంటారు. క్రిములకు అదే సవారీ. 2008లో ఢిల్లీలో ఇలాజ్ చేయించుకుని స్వీడన్ తిరిగివెళ్లిన భారతీయ మూలాల మరీజు మూత్రంలో, ఆఖరి ఆసరా అనుకునే కార్బపెనెమ్ మందులకూ లొంగని క్రిమి దొరికింది. దాని జన్యువుకు న్యూఢిల్లీ పేరు పెట్టారు. ఆ పేరు మీద మన దేశంలో పెద్ద బహస్ నడిచింది. మూత్రపు గొట్టం మీద అంత బహస్ నడవలేదు.

నిజానికి దవాఖానాలో ఎక్కువ ఖత్రా ఆ గొట్టంతోనే. అది ఉన్నకొద్దీ క్రిములు దాని గోడకు పొరలా అంటుకుంటాయి, మందు ఆ పొరలోకి సరిగా దిగదు. అందుకే మన అమ్మీ, అబ్బా మంచం మీదుంటే రోజూ డాక్టర్ సాబ్‌ను అడగాలి: "గొట్టం ఇంకా జరూరా?" గొట్టం ముట్టే ముందు చేతులు కడగాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు మూత్రం కల్చర్‌కు పంపారా అని కూడా అడగాలి. డాక్టర్ రాసిన కోర్సు పూర్తిచేయాలి.

డబ్బాలో మిగిలిన ఆ రెండు గోలీలు ఇంకెవరికీ ఇవ్వకండి.