మెసర్ స్ట్రీట్‌లో ఒక శనివారం

1879 జూన్ 21, శనివారం. అమెరికాలోని ప్రావిడెన్స్ ఊళ్లో, మెసర్ స్ట్రీట్ మైదానంలో జనం మధ్య ఉన్నారు మీరు. బ్రౌన్ యూనివర్సిటీ కుర్రాళ్ల గోలకి చెవులు గింగుర్లెత్తుతున్నాయి. ఎందుకెత్తవు? వాళ్లతో చదువుకుంటున్న విలియం ఎడ్వర్డ్ వైట్ ఇవాళ ప్రావిడెన్స్ గ్రేస్ తరఫున నేషనల్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్ ఆడుతున్నాడు! ఫస్ట్ బేస్ దగ్గర ఎప్పుడూ నిలబడే జో స్టార్ట్‌కి వేలు విరిగింది. ఆ చోటుకి ఈ పద్దెనిమిదేళ్లవాణ్ణి పిలిపించారు. ఎదుటి జట్టు క్లీవ్‌లాండ్.

పిచర్ 45 అడుగుల దూరం నుంచి చెయ్యి కిందుగా ఊపి బంతి వేస్తున్నాడు. పైకి వెయ్యాలో కిందికి వెయ్యాలో బ్యాటరే అడుగుతాడు, అప్పటి రూలు అది. బ్యాటర్ కొట్టిన బంతి నేలబారుగా వెళ్లింది. ఫీల్డరు అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరాడు. వైట్ ఒక కాలు బేస్ మీద ఆనించి, ఒళ్లంతా ముందుకు సాచి, రన్నర్ రాకముందే పట్టేశాడు. అవుట్! ఇలా ఈ ఒక్క మ్యాచ్‌లో 12 అవుట్‌లు అతని చేతుల్లో పడతాయి. ఒక్క తప్పూ ఉండదు.

ఐదో ఇన్నింగ్స్‌లో, అదను చూసి ఫస్ట్ నుంచి సెకండ్ బేస్‌కి దౌడు తీశాడు. బంతి కంటే ముందే చేరిపోయాడు. దీన్నే స్టీల్ అంటారు.

అతను పుట్టింది 1860లో, జార్జియాలోని మిల్నర్‌లో. తల్లి హన్నా బానిస. తండ్రి ఆండ్రూ జాక్సన్ వైట్ తెల్లవాడు, ఆమె యజమాని. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్నది ఆనాటి చట్టం. ఆ లెక్కన ఈ ఆటగాడు పుట్టుకతోనే ఒకరి ఆస్తి! 1870 జనాభా లెక్కల్లో అతన్ని మిశ్రమ జాతివాడని రాసుకున్నారు. తర్వాత షికాగోలో స్థిరపడి, తెల్లవాడిగానే బతికి, 1937లో పోయాడు. 1884లో టొలీడో జట్టుకి ఆడిన మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ నల్లవాడిగానే మైదానంలోకి దిగి తిట్లూ బెదిరింపులూ భరించాడు. పెద్ద లీగుల్లో ఆడిన నల్లవాళ్లలో మొదటివాడన్న గౌరవం వాకర్‌కే దక్కాలంటాను నేను. అయితే వైట్ తన పుట్టుక గురించి నోరు మెదపకపోతే ఆ తప్పు అతనిది కాదు, నోరు మెదిపితే బతకనివ్వని ఆ దేశానిది.

తొమ్మిదో ఇన్నింగ్స్. వైట్ కొట్టిన బంతి ఫీల్డర్లకి అందలేదు. కాలేజీ కుర్రాళ్లు లేచి కేకలు. ఆ కేకలు ఆగకముందే మళ్లీ సెకండ్ బేస్‌కి పరుగు, మళ్లీ చేరాడు!

గ్రేస్ 5–3తో గెలిచింది. తర్వాతి మ్యాచ్‌కి ఫస్ట్ బేస్ దగ్గర జిమ్ ఓరూర్క్ నిలబడ్డాడు. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ గ్రేస్‌దే. వైట్‌ని మాత్రం మళ్లీ ఎవరూ పిలవలేదు. నాలుగు సార్లు బ్యాట్ పట్టి ఒక హిట్, ఒక రన్, రెండు స్టీల్స్, 12 అవుట్‌లు. ఇంత చేసినవాడికి ఇంకొక్క మ్యాచ్ ఇవ్వాల్సింది.