పోగు పారవేయని ఇళ్లు: భవాని పేట్ నేత కుటుంబాల పొదుపు పనులు

షోలాపూర్ నగరపు తూర్పు భాగంలో ఉన్న భవాని పేట్ పేరు వినగానే సరిహద్దు గ్రామాల పెద్దలకు మగ్గం చప్పుడు గుర్తుకు వస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి తరతరాలుగా బతుకుతెరువు కోసం తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ పేటలోనూ, దాని చుట్టుపక్కల వీధుల్లోనూ స్థిరపడి, మరాఠీ నేల మీద తెలుగు మాటను నిలుపుకున్నాయి. 1877లో షోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు వెలసింది. కాలక్రమంలో పెద్ద మిల్లులు మూతపడినా, ఇళ్లకు ఆనుకొని ఉండే చిన్న కార్ఖానాల్లోని మరమగ్గాలు, సిరిసిల్ల వారి మాటలో సాంచెలు, నగరానికి నేత పేరును నిలబెట్టాయి. షోలాపూర్ చద్దరుకూ, షోలాపూర్ టెర్రీ తువ్వాలుకూ 2005-06 సంవత్సరంలో భౌగోళిక గుర్తింపు లభించింది. జహీరాబాద్ మీదుగా షోలాపూర్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కలా ఉన్న పల్లెల్లో ఆ చద్దరును ఎరుగని ఇల్లు అరుదు.

చద్దరు అమ్మకానికి పోతుంది. నేత ఇంటికి మిగిలేది దాని అంచు. పడుగు చివరికి వచ్చినప్పుడు ఇక నేయడానికి వీలుకాని మూరెడు పోగులు మగ్గానికే మిగిలిపోతాయి. కండె అడుగున నాలుగు చుట్ల పేక ఉండిపోతుంది. కత్తిరింపులో అంచు పేలికలు రాలుతాయి, నేతలో తప్పు పడిన తువ్వాలు సంతకు పనికిరాకుండా పక్కన పడుతుంది. వీటితో ఇంటికి ఏయే వస్తువులు సమకూరుతాయి, ఏవి శ్రమకు తగినవి, ఏవి కావు అనే వివరాలు సరిహద్దు పల్లెల గృహిణులకు కూడా ఉపయోగపడేవే. పల్లెల్లో మగ్గం లేకపోయినా పాత చీర, పాత పంచె, ఎరువుల సంచి, పాత నోటు పుస్తకం లేని ఇల్లు ఉండదు.

ముందుగా శ్రమ సంగతి చెప్పుకోవాలి. నేత పేట ఆడవారికి తీరిక సమయం దొరకడం కష్టం. మగ్గానికి కండెలు చుట్టడం ఒక పని, బీడీలు చుట్టడం మరొక పని. బీడీలకు వెయ్యింటికి ఇంత అని కూలి కట్టడం వాడుక. కనుక చేతి నుంచి పోయే ప్రతి గంటకూ అక్కడ లెక్క ఉంటుంది. వారపత్రికల్లో గాజు సీసాలకు అద్దకాలు, ఐస్‌క్రీం పుల్లలతో ఇళ్ల బొమ్మలు తరచుగా కనిపిస్తాయి. చూడముచ్చటగానే ఉంటాయి. వాటికి కావలసిన జిగురు, రంగు, మెరుపు కాగితం దుకాణంలో కొనవలసి వచ్చినప్పుడు మాత్రం అది పొదుపు కాదు, వినోదం. నేత ఇళ్లు ఎంచుకున్న పనుల్లో కొత్తగా కొనేది దాదాపు ఏమీ ఉండదు, చేసిన వస్తువు ఏళ్ల తరబడి వాడుకలో ఉంటుంది.

బొంత

అటువంటి వస్తువుల్లో మొదటిది బొంత. మరాఠీ ఇళ్లు దీన్ని గోధడీ అనీ, వాకళ అనీ అంటాయి. కన్నడ సీమలో కౌది. మూడు భాషలు కలిసే చోట ఒకే వస్తువుకు ఇన్ని పేర్లు ఉండడం సహజమే. బెంగాల్ కాంథా, బీహారు సుజనీ కూడా ఈ కుటుంబానివే. అవి నగరాల్లో అలంకార వస్త్రాలుగా పేరు తెచ్చుకోగా, బొంత మాత్రం ఇంటి మనిషిలా చలికాలంలో మంచం మీదే ఉండిపోయింది.

లెక్క సులభం. ఆరు గజాల నూలు చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, వెడల్పు సుమారు 115 సెంటీమీటర్లు. దాన్ని మూడు సమాన ముక్కలుగా చేస్తే ఒక్కొక్కటి 1.8 మీటర్లు వస్తుంది. రెండు చీరలకు ఆరు ముక్కలు, అంటే ఒక మనిషికి సరిపడే ఆరు పొరల బొంత. మరాఠీ పద్ధతి తొమ్మిది గజాల చీరైతే ఒక్కదానికే నాలుగు ముక్కలు దక్కుతాయి, కొంత గుడ్డ మిగులుతుంది. చిరుగులున్న ముక్కలు లోపలి పొరలకు, గట్టివి పైకీ కిందికీ వేయాలి. నేతలో తప్పు పడిన చద్దరు ముక్క దొరికితే లోపల ఒక్క పొరగా పరిస్తే చాలు, మిగతా పొరలు తగ్గించుకోవచ్చు.

కుట్టే ముందు అన్నింటినీ వేడినీటితో ఉతికి పూర్తిగా ఆరబెట్టడం తప్పనిసరి. కొత్త గుడ్డ, పాత గుడ్డ కలిపి ఉతకకుండా కుడితే తొలి ఉతుకులోనే కొత్తది కుంచించుకుపోయి బొంత మొత్తం ముడతలు పడుతుంది. గదిలో నేల తుడిచి, పొరలను ఒకదానిపై ఒకటి సాగదీసి పరచి, నాలుగు మూలల నుంచీ మధ్యకు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయాలి. ఆ తరువాతే అసలు కుట్టు. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చతురస్రాలుగా తిరుగుతూ కుట్టడం ఒక పద్ధతి, నిలువు వరుసలుగా కుట్టడం మరొకటి. మొదటిది చూపుకు అందం. రెండవది కొత్తవారికి తేలిక, మధ్యలో గుడ్డ పోగుపడదు.

వరుసకూ వరుసకూ నాలుగు సెంటీమీటర్ల దూరం పెడితే 115 సెంటీమీటర్ల వెడల్పుకు 28 వరుసలు పడతాయి. అంటే 50 మీటర్ల కుట్టు. గంటకు ఐదు మీటర్లు సాగితే పది గంటల పని. ఈ పది గంటలనూ ఒక్కసారి కూర్చొని చేసేవారు లేరు, సాయంత్రాలు పంచుకొని ఇద్దరు ముగ్గురు చేతులు వేస్తే వారంలో తెమిలిపోతుంది. వరుసల మధ్య దూరం రెట్టింపు చేస్తే పని సగం తగ్గుతుంది కానీ ఉతికినప్పుడు లోపలి పాత పొరలు చిరిగి ఒక మూలకు చేరతాయి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

దారం విషయంలో నేత ఇంటి జ్ఞానం ఉపయోగపడుతుంది. నూలు నంబరు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క. 20 నంబరు నూలు పౌనుకు 20 చిలపలు, అంటే 16,800 గజాలు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కండె అడుగున మిగిలిన ఒంటి పోగుతో బొంత కుడితే నెల తిరగకుండానే తెగుతుంది. రెండు మూడు పోగులు కలిపి పురి పెట్టి, మైనపు ముక్క మీద ఒకసారి లాగి వాడితే ఆ మిగులు దారమే దుకాణపు దారానికి తీసిపోదు.

గుడ్డను గుర్తించడం

ఇప్పటి పాత బట్టల మూటలో అచ్చమైన నూలు తక్కువ, పాలియెస్టర్ ఎక్కువ. రెండింటినీ కలిపి కుడితే వస్తువు చెడుతుంది, కొన్నిచోట్ల ప్రమాదం కూడా. తెలుసుకోవడానికి నిప్పు పరీక్ష చాలు. నీళ్లున్న పళ్లెం పైన, పిల్లలను దూరంగా ఉంచి, గుడ్డ నుంచి లాగిన ఒక్క పోగును పట్టకారుతో పట్టుకొని అంటించాలి. నూలు కాగితంలా కాలి, వేలితో నలిపితే రాలిపోయే బూడిద అవుతుంది. పాలియెస్టర్ ముడుచుకొని కరిగి, చల్లారాక గట్టి నల్లని పూసలా మిగులుతుంది. రెండు లక్షణాలూ కనిపిస్తే అది కలనేత.

రంగు పరీక్ష మరొకటి. గుడ్డను సబ్బు కలిపిన వేడినీటిలో తెల్లని పేలికతో కలిపి అరగంట ఉంచాలి. పేలికకు రంగు అంటితే ఆ గుడ్డను పసిపిల్లల పక్కలకు వాడకూడదు, లేత రంగులతో కలపకూడదు. ఉప్పునీటిలో నానబెడితే కారే రంగు నిలుస్తుందని చాలామంది నమ్మకం. అద్దకం వేసే దశలో ఉప్పుకు పాత్ర ఉన్నది నిజమే కానీ, అంగడి నుంచి వచ్చిన గుడ్డ మీద అది పనిచేయదు. పలుమార్లు ఉతికి అదనపు రంగును వదిలించడమే దారి. ఆరోగ్యానికి హానిచేసే కొన్ని అజో రంగులను భారత ప్రభుత్వం 1990లలోనే నిషేధించింది. మూలం తెలియని ముదురు రంగు పోగులు, ముఖ్యంగా పసివారు నోట పెట్టుకునే బొమ్మలకు, వద్దనుకోవడం మంచిది.

కాలితుడుపు చాప, మసిగుడ్డ

అంచు పేలికలకు తగిన పని జడ చాప. మూడు పేలికలను జడలా అల్లి, ఆ జడను నేల మీద గుండ్రంగా చుడుతూ పక్కపక్క వరుసలను దారంతో కుట్టాలి. జడ వెడల్పు రెండు సెంటీమీటర్లుంటే 45 సెంటీమీటర్ల వ్యాసం గల చాపకు సుమారు ఎనిమిది మీటర్ల జడ కావాలి. అల్లికలో పొడవు తరుగుతుంది కనుక ఒక్కో పాయకు పదకొండు మీటర్ల వరకు పేలిక సిద్ధంగా ఉంచుకోవాలి. కుట్టేటప్పుడు జడను బిగించి లాగితే చాప గిన్నెలా పైకి లేస్తుంది. దాన్ని సరిచేయాలంటే విప్పడం తప్ప మార్గం లేదు, అందుకే ప్రతి చుట్టుకూ నేల మీద పెట్టి చూసుకోవాలి.

అరిగిన టెర్రీ తువ్వాలును నాలుగు మడతలు వేసి, పైన నూలు గుడ్డ తొడిగి కుడితే వేడి గిన్నె దించే మసిగుడ్డ సిద్ధం. ఇందులో పాలియెస్టర్ పోగు ఒక్కటీ ఉండకూడదు. వేడికి కరిగి చేతికి అంటుకుంటే గాయం లోతుగా పడుతుంది. తడి మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకోవడమూ ప్రమాదమే, తడి వేడిని త్వరగా చేతికి చేరుస్తుంది.

రాఖీ పౌర్ణమి నాడు షోలాపూర్ పద్మశాలీలు మార్కండేయ స్వామి రథోత్సవం జరుపుకుంటారు. నూలే జీవనాధారమైన ఇళ్లకు రాఖీ కొనవలసిన అవసరం ఏముంది? రంగు రంగుల కండె మిగుళ్లను జానెడు పొడవు కత్తిరించి, మధ్యలో ముడివేసి, కొసలను దువ్వి కుచ్చుగా చేస్తే పిల్లల చేతనే ఇంటిల్లిపాదికీ రాఖీలు సిద్ధమవుతాయి.

కాగితం, సంచి

నూలు దొరకని పల్లెలకు కాగితపు గుజ్జు పని బాగా సరిపోతుంది. చిరిగిన నోటు పుస్తకాలను ముక్కలు చేసి మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, రోట్లో మెత్తగా దంచాలి. కిలో కాగితానికి సుమారు వంద గ్రాముల మెంతులు నానబెట్టి రుబ్బి కలపాలి. మెంతి జిగురు గుజ్జును పట్టి ఉంచుతుంది, దాని చేదు పురుగును కొంతవరకు దూరం పెడుతుంది. బోర్లించిన కుండ మీద తడిగుడ్డ పరచి గుజ్జును సమంగా మెత్తి, ఎండలో నాలుగైదు రోజులు ఆరనిస్తే బుట్ట వస్తుంది. పాత చేటల సందులు పూడ్చడానికీ ఇదే గుజ్జు. అయితే అచ్చు కాగితపు సిరాలో హానికర పదార్థాలు ఉండవచ్చునని ఆహార భద్రతా సంస్థ 2016లోనూ, 2023లోనూ హెచ్చరించింది. వార్తాపత్రికతో చేసిన బుట్టను సామాన్లకు వాడవచ్చు, పిండికి గాని, వండిన పదార్థానికి గాని వాడరాదు.

యూరియా సంచులను కడిగి, విప్పి, నాలుగేసి కలిపి కుడితే ధాన్యం పోసే పట్టా అవుతుంది. ఎండలోనే వదిలేస్తే కొన్ని నెలలకే పొడిపొడిగా రాలి ఆ తునకలు ధాన్యంలో కలుస్తాయి కనుక పని ముగియగానే మడిచి నీడలో పెట్టాలి. పురుగుమందుల డబ్బాలు, సంచులు మాత్రం ఎన్నిసార్లు కడిగినా ఇంటి పనికి పనికిరావు.

వీటిని అమ్మి సంపాదించవచ్చా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. బొంతకు పట్టే పది గంటలను గంటకు దొరికే కూలితో గుణించి, దారం ఖర్చు కలిపి, ఆ మొత్తాన్ని సంతలో కొత్త దుప్పటి ధరతో పోల్చుకోవాలి. బొంత ఖరీదే ఎక్కువని తేలితే అది ఇంటికి కుట్టుకోవలసిన వస్తువే. పాత చీరలు తెచ్చి కుట్టించుకునేవారి దగ్గర మాత్రం గుడ్డకు కాక కుట్టిన వరుసలను లెక్కించి కూలి అడగడం న్యాయం. దగ్గరగా కుట్టిన బొంతకూ, దూరంగా కుట్టిన బొంతకూ అప్పుడే తేడా దక్కుతుంది.