ఎంబీ మూసిన తలుపు

ఎంబీ ఇవాళ్టికీ నడుస్తూనే ఉంది. డబ్బు కట్టి వాడుకునేవాళ్లకు అది మంచి మీడియా సర్వరే. అయితే మన సినిమాలూ పాటలూ మన ఇంటి సర్వర్‌లోనే ఉండాలని దాన్ని నమ్ముకుని పెంచినవాళ్ల ఎంబీ మాత్రం 2018 డిసెంబరులో పోయింది.

మొదట్లో ఎంబీ, మీడియా బ్రౌజర్ అన్న పేరుతో, విండోస్ మీడియా సెంటర్‌కు తోడుగా ఔత్సాహికులు రాసుకున్న ప్లగిన్. డిస్కులో చిందరవందరగా పడి ఉన్న ఫైళ్లకు పోస్టర్లు తగిలించి, కథా, నటీనటుల పేర్లూ చేర్చి చూపించేది. క్రమంగా సొంత సర్వర్‌గా ఎదిగి, 2015లో ఎంబీ అని పేరు మార్చుకుంది. విండోస్ 10లో మీడియా సెంటర్ ఉండదని మైక్రోసాఫ్ట్ తేల్చేసిందీ ఆ ఏడాదే. నీడనిచ్చిన చెట్టు కూలినా, దాని కింద మొలిచిన మొక్క నిలబడింది.

ప్రోగ్రాములను పొట్లాలుగా కట్టి నడిపే డాకర్ కంటెయినర్లు ఇళ్లలోకి వస్తున్న రోజులవి. కంపోజ్ ఫైల్లో ఇమేజ్ పేరు, 8096 పోర్టు, సెట్టింగులకో ఫోల్డరు, సినిమాలకో ఫోల్డరు రాస్తే చాలు, ఎంబీ సర్వర్ లేచేది. కంటెయినర్‌ను పీకేసి కొత్తది పెట్టినా, ఎవరు ఏ సినిమా ఎక్కడిదాకా చూశారో సెట్టింగుల ఫోల్డర్లో భద్రంగా ఉండేది. ఇక ఎవరి దయా అక్కర్లేదనిపించేది.

లోపల మాత్రం అప్పటికే బీటలు. సోర్సు జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నా, రానురాను కొన్ని భాగాలకు బైనరీలే ఇస్తూ వచ్చారు. రాసేవాళ్లకు ఆదాయం ‘ప్రీమియర్’ అనే చందాలే. ఆ చందా తనిఖీని కోడ్‌లోంచి తీసేసిన నకళ్లు బయట తిరిగాయి. రాసేవాళ్ల కడుపుమంట అర్థం చేసుకోదగ్గదే. కానీ వాళ్లు వేసిన మందు, తప్పులు వెతికి దిద్దుబాట్లు రాసి పంపినవాళ్లందరినీ గుమ్మం బయట నిలబెట్టింది. 3.5.2 వెర్షన్ తర్వాత సర్వర్ సోర్సు రావడం ఆగిపోయింది.

అయినా ఎవరింట్లోనూ సర్వర్ ఆగలేదు. ఇమేజ్ పేరు పక్కన ‘లేటెస్ట్’ అని రాసుకున్నవాళ్లకు తర్వాతి అప్‌డేట్‌తో కొత్త ఇమేజ్ దిగింది, అంతే. పోస్టర్లూ అవే, ఫోల్డర్లూ అవే. లోపల ఏముందో చదివే హక్కు, మార్చుకునే హక్కు పోయాయి. పోయినట్టు చాలామందికి తెలియను కూడా లేదు. అదే ఎక్కువ బాధ.

జీపీఎల్ కింద ఒకసారి ఇచ్చేసిన కోడ్‌ను మాత్రం ఎవరూ వెనక్కి లాక్కోలేరు. ఆ 3.5.2నే పట్టుకుని ఆండ్రూ రేబర్ట్, జాషువా బోనిఫేస్, మరికొందరు అదే 2018 డిసెంబరులో జెల్లీఫిన్ అనే కొత్త సర్వర్ మొదలుపెట్టారు. దాని కోడ్‌లో మీడియా బ్రౌజర్ పేరూ ఎంబీ పేరూ ఫోల్డర్ల మీద ఇంకా కనిపిస్తాయి. 8096 పోర్టూ అదే.

డబ్బా మన గదిలో ఉన్నంత మాత్రాన సర్వర్ మనదైపోదు. అందులోని సోర్సు అందరిదైతేనే అది మనది. ఆ సోర్సు రాసే చేతులకూ ఆసరా కావాలి. ఇంట్లో జెల్లీఫిన్ నడుపుతున్నవాళ్లు సెట్టింగుల ఫోల్డరుకు బ్యాకప్ పెట్టుకోండి, ‘లేటెస్ట్’ బదులు వెర్షన్ నంబరు రాసుకోండి. దాంతో సరిపెట్టుకోకుండా విరాళమో, తెలుగు అనువాదమో, ఓపికగా రాసిన ఒక బగ్ రిపోర్టో పంపండి. రాసేవాళ్లు అలసిపోతే లైసెన్సు ఒక్కటే దాన్ని బతికించలేదు.