ఎలుకను తవ్వితే కొండ

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి అడిగితే ఇప్పటికీ గంటసేపు చెబుతుంది. గాలి ఎటునుంచి ఎటు మళ్ళిందో, ఎవరి దాబా మీదకి ఎక్కారో, తెల్లారాక గొడ్లు ఎక్కడ తేలాయో, అన్నీ. చెప్పడం అయ్యాక నావైపు చూసి, "ఏరా తమ్ముడూ, గొడ్లకి మేతేశావా?" అంటుంది. ఆ తమ్ముడు పోయి చాలా ఏళ్ళయింది. నేను ఆవిడ మనవణ్ణి. అరగంట క్రితం తిన్న అన్నం మాత్రం గుర్తుండదు. "ఇంకా అన్నం పెట్టలేదేమే" అని మా అమ్మ మీద కోప్పడుతుంది.

విజయవాడలో చూపించాం. అల్జీమర్స్ అన్నారు. నేను బతికేది సాఫ్ట్‌వేర్ మీద కాబట్టి నాకొచ్చిన అనుమానం కూడా అలాంటిదే: డేటా పోయిందా, లేక డేటా అలాగే ఉండి దాన్ని వెతికిపెట్టే ఇండెక్స్ పాడైందా? బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ అనుమానం పట్టుకుని చదవడం మొదలుపెడితే చిట్టెలుకల దగ్గర తేలాను.

కొండను తవ్వి ఎలుకను పట్టారని వెటకారంగా అంటుంటాం. జ్ఞాపకాల పరిశోధన చరిత్ర చూస్తే ఆ సామెతను తిరగేసి చెప్పుకోవాలి.

అనుభవం మెదడులో ఒక ముద్ర వేస్తుందని, దాని పేరు 'ఎన్‌గ్రామ్' అని 1904లో రిచర్డ్ సెమన్ అనే జర్మన్ రాశాడు. అప్పటికది ఒక మాట మాత్రమే. అమెరికాలో కార్ల్ లాష్లీ ఆ ముద్ర కోసం ఏళ్ళ తరబడి వెతికాడు. ఎలుకలకు దారులు నేర్పడం, మెదడు పైపొరలో ఒక్కో ముక్క తీసేయడం, ఏం మరిచిపోయాయో చూడడం. ఫలానా చోట ఉందని చెప్పలేకపోయానని 1950లో ఒప్పుకున్నాడు. మూడేళ్ళ తర్వాత హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ చాలావరకు తీసేశారు. చిన్ననాటి సంగతులు నిలిచాయి. కొత్తవి మాత్రం ఇక నిలవలేదు. ఇది చదువుతుంటే ఉప్పెన గుర్తుండి అన్నం గుర్తుండకపోవడం మా ఇంటి వింత కాదని అర్థమైంది.

కానీ ఆపరేషన్ అంటే పిడికెడు కణాలు ఒకేసారి పోతాయి. వాటిలో ఏవి, ఏ ప్రొటీన్ వల్ల గుర్తుపెట్టుకుంటున్నాయో ఎలా తెలుస్తుంది? మనం ప్రోగ్రాంలో ఒక్క లైను ఆపేసి ఏది చెడుతుందో చూస్తాం కదా, జీవిలో అలా ఒక్క జీన్‌ను ఆపేయాలి. కపెకి, ఎవన్స్, స్మిథీస్ చేసిన పనులు కలిసి 1980ల చివరికి చిట్టెలుకల్లో దాన్ని సాధ్యం చేశాయి. వాళ్ళకు 2007లో నోబెల్ వచ్చింది.

1992లో ఎంఐటీలో, యాంటీబాడీల పనికి అంతకుముందే నోబెల్ అందుకున్న సుసుము టొనెగావా ల్యాబులో ఆల్సినో సిల్వా ఆ పద్ధతిని మెదడు మీదకి తెచ్చాడు. కామ్ కైనేజ్-2 అనే ఎంజైముకు చెందిన జీన్ లేని చిట్టెలుకల్ని పుట్టించాడు. నీళ్ళలో మునిగి కనిపించని చిన్న తిన్నె ఎక్కడుందో మామూలు ఎలుకలు కొన్నిసార్లు ఈదితే నేర్చుకుంటాయి. ఇవి సరిగా నేర్చుకోలేకపోయాయి. తేడా ఒక్క జీన్.

కైనేజ్ చేసే పని ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి వేరే ప్రొటీన్‌కు తగిలించడం. ఆ ఏటీపీని 1929లో గుర్తించినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన, అదే ఏడాది జర్మనీలో విడిగా కార్ల్ లోమాన్. సుబ్బారావు వెతికింది కండరాల్లోని శక్తి కోసం, జ్ఞాపకం కోసం కాదు. అయినా ఉప్పెన రాత్రి మా అమ్మమ్మలో నిలిచిపోయిందంటే దాని వెనక ఆ ఫాస్ఫేటు ఖర్చు కూడా ఉంది.

సిల్వా ప్రయోగంలో ఒక చిక్కుంది. ఆ జీన్ పుట్టుకనుంచే, ఒళ్ళంతా లేదు. అసలు మెదడే సరిగా ఎదగలేదేమో? 1996లో జో సియెన్ హిప్పోకాంపస్‌లోని ఒక్క భాగంలోనే మరో జీన్ తెగేలా చేసి, అప్పుడూ ఎలుక దారి నేర్చుకోలేకపోతోందని చూపించి ఆ అనుమానం చాలావరకు తీర్చాడు.

ఆ తర్వాత దొరికిన పనిముట్టు నాచులోది. మురుగు నీళ్ళలో పెరిగే క్లమిడోమోనాస్ లాంటి నాచుకు వెలుతురును గుర్తుపట్టే ప్రొటీన్ ఒకటుంది. దాని జీన్‌ను నాడీకణంలో పెడితే నీలికాంతి పడగానే కణం పలుకుతుందని 2005లో బోయ్‌డెన్, డైసెరోత్‌లు చూపించారు. 2012లో టొనెగావా ల్యాబులోనే షూ లియు, స్టీవ్ రామిరెజ్ ఒక భయం ఏర్పడేటప్పుడు పనిచేసిన కణాలకు మాత్రమే ఆ జీన్ అంటేలా చేశారు. ఎప్పుడు అంటాలో నిర్ణయించేది డాక్సీసైక్లిన్, మన మందుల షాపులో దొరికే మాత్రే. మేతలో అది ఉన్నన్నాళ్ళూ గుర్తు పడదు, ఆపితే పడుతుంది. తర్వాత షాక్‌తో సంబంధం లేని పెట్టెలో ఎలుకను పెట్టి, ఆ కణాల మీద కాంతి వేశారు. భయంతో బిగుసుకుపోయింది. లాష్లీ వెతికినదాన్ని మీట నొక్కి లేపినట్టయింది. మరుసటి ఏడాది ఏమీ జరగని పెట్టెను చూసి భయపడేలా తప్పుడు జ్ఞాపకం కూడా కలిపారు.

నా అనుమానానికి దగ్గరగా వచ్చింది 2016 నాటి పని. ఆ ల్యాబులోనే ధీరజ్ రాయ్ బృందం అల్జీమర్స్ తెచ్చే మనుషుల జీన్‌లు పెట్టిన చిట్టెలుకల్ని తీసుకుంది. జబ్బు తొలిదశలో అవి షాక్ తగిలిన పెట్టెను మర్నాటికే మరిచిపోయేవి. గుర్తుపెట్టిన కణాల మీద కాంతి వేస్తే బిగుసుకుపోయాయి. జ్ఞాపకం ఉంది, దారే తెగింది. ఆ కణాలకు వచ్చే తీగల్ని పదేపదే కాంతితో కదిలిస్తే, తర్వాత కాంతి లేకుండానే కొన్నాళ్ళపాటు గుర్తొచ్చింది కూడా.

ఆ పేపరు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు నెమ్మదిగా మళ్ళీ చదివాను. అది తొలిదశ. ఒక్క భయం. ఎలుకకు ఏం గుర్తొచ్చిందో దాన్ని అడగలేం, బిగుసుకుపోవడాన్ని కొలుస్తాం. జబ్బు ముదిరేకొద్దీ కణాలే చచ్చిపోతాయి, అప్పుడు వెలిగించడానికి ఏమీ మిగలదు. మనిషి మెదడులో కొత్త జీన్ పెట్టి కాంతి తీగ గుచ్చడం మందుగా వచ్చే రోజు దగ్గర్లో లేదు. వీటన్నిటికోసం షాక్ తిన్న చిట్టెలుకలకు మనం బాకీ ఉన్నాం.

అయినా ఈ ఎలుకలు ఒక మేలు చేశాయి. మతిమరుపు ఒకటి కాదని చూపించాయి. రాయలేకపోవడం ఒకటి, రాసింది చెరిగిపోవడం ఒకటి, రాసింది ఉన్నా చదవలేకపోవడం ఇంకొకటి. మా అమ్మమ్మలో ఏది ఎంతుందో నాకు తెలీదు. కానీ ఇన్నాళ్ళూ వెళ్ళిన ప్రతిసారీ "అమ్మమ్మా, నేనెవర్నో చెప్పు" అని అడిగి, చెప్పలేకపోతే చిన్నబుచ్చుకుని, ఆవిణ్ణీ చిన్నబుచ్చేవాణ్ణి. అది పరీక్ష. దారి తెగిన మనిషికి పరీక్ష పెట్టి ఏం లాభం?

ఇప్పుడు అడగడం మానేశాను. వెళ్ళగానే, "అమ్మమ్మా, ఉప్పెన రోజు గాలి ఎటునుంచి వచ్చింది?" అంటాను. ఆవిడ మొదలుపెడుతుంది. మధ్యలో ఎప్పుడో నన్ను తమ్ముడూ అంటుంది. మేత వేశానని చెబుతాను.